తోరణం వద్దన్నవాడి తగువు

పోయిన ఆదివారం పొద్దున్నే మా చెరువు బృందం వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చి పడింది. గుండ్రటి నీలం గీత. అందులో కాకతీయ తోరణం. తోరణం కింద చెరువు, చెరువులో తామరపువ్వు, పువ్వు పక్కన కొంగ, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు, అడుగున కలిపిన రెండు చేతులు. చుట్టూ బృందం పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద ఒక నినాదం. టీ తాగేలోగా గ్రూపు నిండా చప్పట్లు, దండాలు. ఒకాయన మాత్రం "సూపర్ ఉంది గానీ చెట్టు మిస్సయింది" అని రాశాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ కాలమ్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. ఫ్లెక్సీల మీద నా కోపం ఎంత పాతదో తోరణం మీద కోపమూ అంతే పాతది. కాజీపేట నుంచి కాశిబుగ్గ దాకా ఒక్కసారి తలెత్తి చూసుకుంటూ రండి. బడికి తోరణం, ఆసుపత్రికి తోరణం, ఫంక్షన్ హాలుకు తోరణం, చిట్‌ఫండ్‌కు తోరణం. నీళ్ల బాటిల్ మీద తోరణం. పెళ్లిపత్రికలో వినాయకుడి నెత్తిన తోరణం. ఇన్నింటి మీద ఉన్న గుర్తు ఇక ఎవరికి గుర్తు? పదిమందిలో ఒకరిని వేరుచేసి చూపడం లోగో చేయాల్సిన పని. వరంగల్‌లో తోరణం పెట్టుకోవడమంటే డబ్బులిచ్చి మరీ గుంపులో కలిసిపోవడం.

పైగా మాది చెరువు బృందం. కాలనీ వెనకాల చెరువులోకి మురుగు రాకుండా, శిఖం భూమిలో కొత్త ప్లాట్లు పడకుండా, గుర్రపుడెక్క నీటిని కమ్మేయకుండా చూద్దామని కూడినవాళ్లం. ఇందులో రిటైరైన నీటిపారుదల ఇంజినీరు ఒకరు, టీచర్లు, ఒక మెడికల్ షాపు ఓనరు, బతుకమ్మలు వేయడానికి మంచి నీళ్లు మిగలవేమోనని బెంగపడి వచ్చిన ఆడవాళ్లు, వాకింగ్‌కని వచ్చి ఇరుక్కున్న నాలాంటివాళ్లు ఉన్నారు. మాకూ కోటలోని తోరణానికీ ఏమిటి సంబంధం? కాకతీయులంటే మనకు మొదట గుర్తుకు రావాల్సింది చెరువు. రామప్ప, పాకాల, లక్నవరం ఇవాళ్టికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. తోరణం ఎవరికీ చెంబెడు నీళ్లివ్వలేదు. 2015లో రాష్ట్రమంతటా చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు ఆ పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది చెరువులను చూసే గానీ తోరణాన్ని చూసి కాదు.

గ్రూపులో ఇదంతా రాశాను, కాస్త గట్టిగానే. "అయితే సారే పోయి డిజైనర్‌తోని మాట్లాడాలె" అని ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే తీర్మానించారు.

హనుమకొండ చౌరస్తా వెనక సందులో ఒక డీటీపీ షాపు, దాని పైన ఒక గది. డిజైనర్ పాతికేళ్లు నిండని అమ్మాయి. పగలంతా కింది షాపుకు పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసిపెడుతుంది. పొద్దుగూకాక పైకొచ్చి తనకు నచ్చిన పని చేసుకుంటుంది. "ఇంత సామాను ఒక్క బొమ్మల ఎట్ల కుక్కినవమ్మా" అని అడగబోతే, మాట్లాడకుండా కోరల్‌డ్రాలో ఫైలు తెరిచి లేయర్లు చూపించింది. లేయర్లకు పేర్లున్నాయి. 'ప్రెసిడెంట్ సార్ సూర్యుడు.' 'క్యాషియర్ సార్ చేతులు.' 'మేడం వాళ్ల తామర.' 'కొంగ, మెడికల్ షాప్ అంకుల్.' తను మొదట పంపిన బొమ్మలో నాలుగు గీతలే ఉన్నాయట. అది చూసి ఎవరికి వాళ్లు విడిగా ఫోన్ చేసి, "చిన్న కరెక్షన్ బిడ్డా" అంటూ ఒక్కొక్కటి చేర్పించుకున్నారు. ఒకరు చేర్పించింది ఇంకొకరికి తెలియదు.

లేయరు పక్కన కన్ను గుర్తు ఉంటుంది, అది నొక్కితే ఆ బొమ్మ మాయమవుతుంది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. సూర్యుడు పోయాడు. చేతులు పోయాయి. కొంగ పోయింది. చివరికి తోరణం ఒక్కటే మిగిలింది. ఆ లేయరుకు పేరు లేదు.

"ఇదెవరిది?" అన్నాను.

"ఇది ఎవ్వరు చెప్పలే సార్. నేనే పెట్టిన. గన్ని ఫోన్లొచ్చినయ్ గానీ ఇది తీయమని ఒక్కరు అనలే. మీరే ఫస్టు."

తోరణం మీద వాదించడానికి నా దగ్గర సరుకు తక్కువేం లేదు. కాకతీయుల రాజముద్ర తోరణం కాదు, వరాహం. కాకతీయుల గుర్తే కావాలనేవాళ్లు నిజానికి వరాహాన్ని పెట్టుకోవాలి. మా కమిటీలో ఒకసారి ఆ మాట అని చూశాను, పందుల బెడద మీద మొన్ననే కదా కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాం అన్నారు. తోరణం గుడి వాకిలి. ఓరుగల్లు కోట నడిమధ్యన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన నాలుగు వాకిళ్లు. 1323లో తుగ్లక్ సేనలు కోటను పట్టుకున్నాక గుడి కూలింది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. తోరణాలు మాత్రం నిలిచాయి. ఎందుకు నిలిచాయన్నదానికి రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారులు చెప్పే జవాబు నాకు నచ్చుతుంది: గెలిచినవాళ్లు అక్కడ మసీదు కట్టుకుని ఆ నాలుగింటినీ దాని వాకిళ్లుగా ఉంచుకున్నారు. వాళ్లే ఇంకో మాటా అంటారు. 1591 ప్రాంతంలో చార్మినార్ చుట్టూ కొత్త నగరాన్ని గీసినవాళ్ల మనసులో ఓరుగల్లు ఉందని, అక్కడి చార్ కమాన్‌కు మన నాలుగు తోరణాలే నమూనా అని. వాళ్ల పుస్తకం వచ్చింది 2014లో. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ తోరణం కింద చార్మినార్‌ను నిలబెట్టి గీసిన తెలంగాణ ప్రభుత్వ చిహ్నం వచ్చిందీ అదే ఏడు, జూన్ 2న.

ఆ చిహ్నం చుట్టూ 2024 మే నెలాఖరులో జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. రాచరికపు ఆనవాళ్లు వద్దు, ఉద్యమం కనబడాలి అని రేవంత్ రెడ్డి ప్రభుత్వం మార్పు తలపెట్టింది. చిత్రకారుడు రుద్ర రాజేశం నమూనాలు గీశారు. అమరుల స్తూపం ఉన్న ఒక బొమ్మ ఫోన్లలో తిరిగింది. ఇక్కడ కోట దగ్గర, అక్కడ చార్మినార్ దగ్గర నిరసనలు జరిగాయి. చివరికి జూన్ 2న 'జయ జయహే తెలంగాణ' రాష్ట్రగీతంగా వచ్చింది, చిహ్నం వాయిదా పడింది. ఆ వారం ఈ కాలమ్‌లో నేను ఎవరి పక్షం రాశానో గుర్తున్నవాళ్లు ఇప్పటికీ పోచమ్మ మైదాన్ దగ్గర కనబడితే నిలేస్తారు. పక్షాల సంగతి వదిలేయండి. అన్ని రోజుల వాదనలో అందరూ మాట్లాడింది బొమ్మలో ఏముండాలన్నదాని గురించే. తహసీల్దారు ఆఫీసులో సిరా ఆరిపోయిన స్టాంపు కొడితే అది ఎట్లా పడుతుందని ఏ పక్షమూ అడగలేదు. ఎమ్మెల్యే దగ్గర్నుంచి మా మెడికల్ షాపు అంకుల్ దాకా లోగో అంటే మనకు సామాన్ల పట్టీ.

ఏముండాలన్నది కాదు, ఎట్లా పడుతుందన్నది చూడమని నాకు చెప్పినవాడు ఏ ఆర్ట్ కాలేజీలోనూ చదవలేదు. నా చదువు రోజుల్లో ఎంజీఎం ఆసుపత్రి వైపు ఒక బోర్డు ఆర్టిస్టు ఉండేవాడు. షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు, ఎన్నికలొస్తే గోడల మీద పార్టీ గుర్తులు రాసేవాడు. వీటితో పాటు, అడిగిన విద్యార్థి సంఘానికల్లా, ఎవరు ఏ రంగు జెండా అన్నది చూడకుండా, రాత్రిపూట గోడల మీద కొట్టుకునే అచ్చులు కోసిచ్చేవాడు. అట్ట అయితే రెండు గోడలకే రంగుకు నానిపోతుంది. రేకు కోయడం కష్టం, ఖరీదు కూడా. ఆయన పాత ఎక్స్-రే ఫిల్ములు వాడేవాడు. ఎవరిదో పక్కటెముకల మీద ఇంకెవరిదో నినాదం. బ్లేడును నిలువునా విరిచి, ఒక ముక్కను చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఇరికించుకుని, చెయ్యి కదపకుండా ఫిల్మునే తిప్పుతూ కోసేవాడు. గుండ్రాలు అట్లాగే వస్తాయి. చెయ్యి తిప్పితే కోణాలు వస్తాయి.

తెలుగుకు అచ్చు కోయడం ఎంత తంటానో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. 'సంఘం' అన్న మాట తీసుకోండి. అందులో రెండు సున్నలు. సున్న చుట్టూ కోస్తే మధ్య బిళ్ల ఊడి కిందపడుతుంది, గోడ మీద సున్నకు బదులు నల్లటి ముద్ద పడుతుంది. బిళ్ల నిలవాలంటే పైనా కిందా సన్నటి పట్టీలు వదలాలి. పట్టీ మరీ సన్నగా ఉంటే నాలుగో గోడకు తెగుతుంది, లావుగా ఉంటే సున్న రెండు బ్రాకెట్లుగా కనిపిస్తుంది. ఎక్కడ ఎంత వదలాలన్నదే ఆయన విద్యంతా. సున్నలు తగ్గే మాట దొరకదా అని సంఘాల నాయకులతో బేరమాడేవాడు కూడా. సిద్ధాంతాన్ని బట్టి నినాదం రాసుకొచ్చినవాళ్లకు అది మింగుడుపడేది కాదు.

ఒక రాత్రి ఒక కుర్రాడు కాగితం మీద బొమ్మ గీసుకొచ్చాడు. పిడికిలి, పుస్తకం, పెన్ను, నక్షత్రం, తెగిన సంకెళ్లు, పొద్దు. మా ఆర్టిస్టు దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు.

"గోడ కాడ ఎంతసేపుంటరు?"

"రెండు నిమిషాలన్నా. ఆలోపే పోలీసోళ్లొస్తరు."

"గట్లయితే రెండు సామాన్లే."

పిడికిలి, పుస్తకం మిగిలాయి. కుర్రాడు మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఆ గుర్తు కాలేజీ గోడల మీద, రైల్వే గేటు పక్కన, వానలకు సున్నం రాలినా చాలా ఏళ్లు కనబడుతూనే ఉండేది. అవతలి సంఘం వాళ్ల ఆరు సామాన్ల బొమ్మ ఎక్కడ చూసినా రంగు మరకే. లోగో గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. 'గోడ కాడ ఎంతసేపుంటరు' అన్న ప్రశ్నను మించింది వాటిలో నాకు కనబడలేదు.

ఈ కథ చెబితే డిజైనర్ అమ్మాయి నవ్వింది. "ఇప్పుడు గోడ లేదు గానీ రబ్బర్ స్టాంప్ ఉన్నది సార్" అంది. కాసేపటికి ప్రింటరు నుంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది. ఒకే తోరణం అరచేయంత, రూపాయి బిళ్లంత, చొక్కా గుండీ అంత. అన్నీ నలుపులోనే. "రంగులల్ల చూపిస్తే అందరికి మంచిగనే అనిపిస్తది. అందుకే నేను ముందు నలుపుల చూస్త." అరచేయంత బొమ్మలో పై దూలం చివర్ల హంసలున్నాయి, మొగ్గలున్నాయి, చెక్కడమంతా ఉంది. రూపాయి బిళ్లకు వచ్చేసరికి మొగ్గలు పోయాయి. గుండీ దగ్గర హంసలూ పోయి రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డగీతలు మిగిలాయి. అయినా అది తోరణమే. ఎవరికి చూపినా తోరణమే అంటారు. ఆ పక్కనే మా ప్రెసిడెంటు గారి సూర్యుడినీ, తామరనూ అంతే చిన్నవిగా వేసింది. ఒకటి సాలీడులా ఉంది, రెండోది ఏమిటో చెప్పలేం.

నేను పట్టు వదల్లేదు. మా చెరువు తూము ఫొటో ఫోన్లో చూపించాను. పాత తూములు మీరు చూసే ఉంటారు. కట్ట లోపలి వైపు నీళ్లలో రెండు రాతిస్తంభాలు నిలబడి ఉంటాయి, వాటిని కలుపుతూ అడ్డంగా రాతిపలకలు. పలకల నడుమ బెజ్జంలోంచి ఒక పొడుగాటి కర్ర దిగుతుంది. దాన్ని పైకి లాగితే కింద బెజ్జం తెరుచుకుని పొలాలకు నీళ్లు పోతాయి. చెరువు బృందానికి ఇంతకన్నా సొంతమైన గుర్తు ఏముంది, తోరణం తీసేసి ఇది గియ్యి అన్నాను. సరే అని గీసింది. అరచేయంత గీసింది, రూపాయి బిళ్లంత చేసింది, గుండీ అంత చేసింది. ఆ చివరిదాన్ని ఇందాకటి చిన్న తోరణం పక్కకు జరిపి ఊరుకుంది.

రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు. రెండూ ఒకటే.

తోరణం వద్దని, తూము కావాలని ఊరంతా తిరిగి తగువు పెట్టుకున్నవాణ్ని ఆ కాగితం ముందు ఏం మాట్లాడతాను? మరునాడు సాయంత్రం కట్ట మీద మీటింగులో ఏమీ చెప్పకుండా దాన్ని చేతులు మార్చాం. ఆడవాళ్లు "తోరణం సాదాసీదగ మంచిగున్నది" అన్నారు. రిటైర్డ్ ఇంజినీరు గారు కళ్లజోడు పైకి జరిపి, "తూము కరెక్టుగ గీసింది పిల్ల" అన్నారు. ఆయన సర్వీసంతా తూములు చూసినవాడు. మధ్యలో ఖాళీగా ఉంది, కనీసం తామరపువ్వన్నా పెట్టండి అని ఎవరో అడిగారు. ఇంజినీరు గారు కాగితం మీద వేలు పెట్టి, "తూముకు అడ్డం పువ్వు పెడితే నీళ్లెట్ల పోతయ్?" అన్నారు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. స్తంభాల కింద నీటికి ఒక్క అలగీత చాలన్నారు.

ఒకే గుర్తును ఒకరు ఒకటిగా, ఇంకొకరు ఇంకొకటిగా చూడటం కొత్తేం కాదు. స్టేట్ బ్యాంకు నీలం గుండ్రం చూడండి. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో శేఖర్ కామత్ 1971లో గీసింది. తాళంచెవి రంధ్రం అనేవాళ్లు అంటారు, అక్కడి కంకారియా చెరువును పైనుంచి చూస్తే అట్లాగే ఉంటుందని జనంలో ఒక కథ. నీళ్ల బాటిల్ మీద తోరణాన్ని నేను ఇప్పటికీ భరించలేను. మా రశీదు మీద మాత్రం అది ఉండాల్సిందే అంటాను. గుండీ అంత చిన్నదైనా చెదరని గుర్తును ఎనిమిది వందల ఏళ్ల కింద మనవాళ్లు రాతిలో చేసిపెట్టి పోయారు. ఊళ్లో అందరూ వాడుతున్నారని దాన్ని వదులుకుంటే నష్టం మనకే. అందరూ దాని మీద సూర్యుళ్లూ, కొంగలూ ఎక్కించి మోయిస్తున్నారు. బరువు దింపితే చాలు.

పేరు గుండ్రంగా రావాలని టీచర్లు కొంత పట్టుబట్టారు. దానికీ ఆ అమ్మాయే చేసి చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు వంపు మీద బుద్ధిగా కూర్చుంటాయి. మనకు పైన గుళ్లు, కింద వత్తులు. వంపు తిరిగేసరికి గుళ్లు విడిపోతాయి, వత్తులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అందుకని పేరు బొమ్మ కింద తిన్నగా, ఒకే వరసలో వచ్చింది. ఫాంటు రామభద్ర. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా వదిలిన వాటిలో ఒకటి. లావుగా ఉన్నా సున్నలు పూడుకుపోవు. స్టాంపు కొట్టి మరీ చూశాం. 

ఇక డబ్బు సంగతి. మొదట్లో క్యాషియర్ గారు పోటీ పెడదామన్నారు. పిల్లలు గీస్తారు, గెలిచినవాళ్లకు శాలువా కప్పుదాం, రూపాయి గుర్తుకు 2009లో పోటీయే కదా పెట్టారు అని. పెట్టారు. మూడువేలకు పైగా బొమ్మలు వచ్చాయి. ఐదింటిని ఏరి, ఉదయ్ కుమార్ గీసినదాన్ని తీసుకుని రెండున్నర లక్షలు ఇచ్చారు. మిగతా వేలమంది పని కాగితాల కట్టలోకి పోయింది. పైగా పోటీలో గీసేవాళ్లు మీ గోడ కాడ ఎంతసేపుంటారో అడగలేరు, మీ లేయర్లకు పేర్లు పెట్టుకోలేరు. సేవా కార్యక్రమం కదా, ఊరికే చేసిపెట్టమ్మా అనే అలవాటూ మనకుంది. జేసీబీ వాడు మన చెరువుకు ఊరికే వస్తాడా? డీజిల్‌కు ముందే అడుగుతాడు, ఇస్తాం. గీత గీసే చేతికి ఇవ్వడానికి మాత్రం మనకు సేవ గుర్తుకొస్తుంది.

కట్ట మీద ఆ రోజు మూడు తీర్మానాలు చేశాం. ఇకమీదట డిజైనర్‌కు ఫోన్ చేసేది ఒక్కరే, అది నేను కాదు. ఫైలు జేపీజీగా కాకుండా వెక్టర్‌గా తీసుకుని, ఒక కాపీ ఇంజినీరు గారి దగ్గర, ఒకటి టీచర్ల దగ్గర ఉంచాలి. ఆ అమ్మాయికి మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఈ నెల దాటకుండా ఇవ్వాలి.

సగం ముందే ఇచ్చాం. మిగతా సగం చందాల్లోంచి రావాలి, చందాలు ఇప్పటికి సగంమందే కట్టారు. ఈ కాలమ్ చదివే మా సభ్యులు ఈ ఆదివారం కట్ట మీదికి వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురండి. క్యాషియర్ గారు ఫోన్‌పే కూడా తీసుకుంటారు.